చుక్క లేదన్న టాంకు

మొన్న మా వారి పాత స్కూటరును వెనక వసారాలోంచి బయటికి తీయించాను. ఆయన పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి దాని మీద గోనెపట్టా కప్పే ఉంది. ఎవరికైనా ఇచ్చేస్తే పనికొస్తుంది కదా అని మెకానిక్కును పిలిపించాను. అతను పెట్రోలు మూత తిప్పి, లోపలికి టార్చిలైటు వేసి చూసి పెదవి విరిచాడు. "లోపలంతా తుప్పేనండీ మేడం. దీన్ని బాగుచేసేదేం లేదు. పీకి పారేసి కొత్త టాంకు బిగిద్దాం" అన్నాడు. నేను అతన్ని పక్కకు జరగమని, వంగి ఆ రంధ్రం దగ్గర ముక్కు పెట్టాను. పాత పెట్రోలుకు, తుప్పుకు కలిసి ఒక వాసన ఉంటుంది. పులిసిన చింతపండుకూ కాలిన ఇనుముకూ మధ్య ఎక్కడో ఉంటుంది ఆ వాసన. మెకానిక్కు నన్ను వింతగా చూశాడు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, బడిపంతులమ్మగా రిటైరైన మనిషి, పెట్రోలు టాంకును పూలబుట్టలా వాసన చూస్తుంటే ఎవరికైనా వింతే. అతనికేం తెలుసు, నా పదిహేనో ఏటి నుంచి పెళ్లయ్యేదాకా నేను చేసిన పని అదేనని.

మా నాన్న పేరు బ్రహ్మయ్య. బెజవాడ ఒన్‌టౌన్‌లో, కాలువ గట్టుకు దగ్గరగా రెండు గదుల పెంకుటిల్లు, ముందొక పెరడంత వాకిలి, వాకిట్లో రేకుల పంచ, దాని కింద కొలిమి. మా తాతల నాటి నుంచి మాది కంచరి పని. చిల్లుపడ్డ బిందెలకు మాట్లు వేయడం, గుండిగల అంచులు అతకడం. తెల్లవారగానే అమ్మ పొయ్యి రాజేసి, ఆ పొయ్యిలోంచే రెండు నిప్పులు కొలిమిలో వేసేది. అన్నానికీ పనికీ నిప్పు ఒక్కటే మా ఇంట్లో. నాన్న చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ కొరుక్కుని, చెయ్యి కడుక్కుని కొలిమి ముందు కూర్చుంటే మళ్లీ మధ్యాహ్నం భోజనానికే లేచేది. టంకం పెట్టేటప్పుడు కడ్డీని నవాసారం గడ్డ మీద రుద్దితే తెల్లని పొగ లేచేది. ఆ ఘాటు మా బట్టల్లో, జుట్టులో, ఆఖరికి అమ్మ పెట్టిన ఆవకాయ జాడీ మూతగుడ్డలో కూడా ఉండేది. ఏళ్ల తరబడి ఆ పొగ పీల్చీ పీల్చీ నాన్నకు ముక్కు పోయింది. మల్లెపూల వాసన, మాడిన అన్నం వాసన ఆయనకు ఒకటే. ఛాతీలో పిల్లికూతలు కూడా మొదలయ్యాయి. అందుకని మా వాకిట్లో ఎవరూ పొగ తాగకూడదు. వచ్చిన మనిషి ఎంతటివాడైనా చుట్ట వీధిలో ఆర్పి లోపలికి రావాలి. మా నాయనమ్మ సైతం చుట్ట ముట్టించుకోవాలంటే వీధరుగు మీదకు పోవాల్సిందే. ఈ సంగతి మా పేటలో అందరికీ తెలుసు. ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత మా నాన్న మీద వేసిన నింద అదే కనక.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఇత్తడి కరువైంది. బిందెలు కొనేవాళ్లు లేరు, ఉన్నవి అతికించుకునే వాళ్లే. పెట్రోలు కూపన్ల మీద ఇచ్చేవారు. బస్సులకు వెనక పెద్ద ఇనప పీపా తగిలించి, అందులో బొగ్గులు మండించి, ఆ గ్యాసుతో నడిపేవారు. జనం వాటిని బొగ్గు బస్సులనేవారు. గన్నవరం దాటేసరికి ప్రయాణికులందరి మొహాలూ కొలిమి ముందు కూర్చున్న మా నాన్న మొహంలాగే అయ్యేవి. ఆ బస్సుల కింద పాత పెట్రోలు టాంకులు ఊరికే వేలాడుతూ తుప్పుపట్టేవి. కొందరు వాటిని బాగుచేయించి పెట్టుకుందామని మా నాన్న దగ్గరికి తెచ్చేవారు. రేకుకు టంకం పెట్టడంలో బెజవాడలో ఆయనను మించినవాడు లేడని మోటారు షెడ్డుల్లో పేరు. అలా బిందెల ఇల్లు టాంకుల ఇల్లయింది.

తుప్పు టాంకు బాగుచేయడం వంట లాంటిది. దేనికది కుదరాలి. ముందు మరిగే నీళ్లలో చాకలి సోడా కలిపి మూడు రోజుల పాటు రోజుకు రెండుసార్లు కడగాలి. పెట్రోలు జిడ్డు పోవాలి, వాసన పోవాలి. ఆ తర్వాత చింతపండు పులుసు నిండా పోసి రెండు రోజులు నానబెట్టాలి. మొక్కల మధ్య రెండు గుంజలు పాతి, టాంకును తాళ్లతో ఉయ్యాలలా కట్టి, అందులో కృష్ణ గులకరాళ్లు పోసి, అటొకరు ఇటొకరు నిలబడి ఊపాలి. లోపలి తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తుంది. ఆ నీటిని మంగళగిరి నేతగుడ్డలోంచి వడకట్టి చూస్తే గుడ్డ మీద ఎర్రటి నలుసు కనపడకుండా పోయేదాకా ఊపుడే. చివర బూడిద నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, అప్పుడు టంకం. సోడా కడుగుడు మూడు రోజులు ఎందుకు, ఒకరోజు చాలదా అని నేను అడిగితే నాన్న అనేవాడు: "టాంకులో పెట్రోలు ఉంటే భయంలేదే మాణిక్యం, కనపడుద్ది. పెట్రోలు పోయాక మిగిలే ఆవిరి ఉంది చూశావూ, దానికే భయపడాలి. అది కనపడదు." ఏళ్లుగా ఎండిపోయిన టాంకయితే మాత్రం ఒక్కసారి వేణ్ణీళ్లతో తొలిచి పని మొదలుపెట్టవచ్చు. కాబట్టి నాన్న ప్రతి మనిషినీ మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. ఇది ఎప్పుడు ఎండిందండీ?

రాఘవయ్య గారిని కూడా అదే అడిగాడు. ఆయనకు బెజవాడ నుంచి హనుమాన్ జంక్షన్‌కు నడిచే బస్సులు మూడున్నాయి. తెల్లటి గ్లాస్కో పంచె, భుజం మీద కండువా, ఎడమచేతికి పచ్చరాయి ఉంగరం. ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడేవాడు. ఆయన డ్రైవరు కోటయ్య టాంకును భుజాన పెట్టుకుని మోసుకొచ్చి మా వాకిట్లో దించాడు. అప్పుడు నేను గుమ్మంలోనే బియ్యం ఏరుతూ కూర్చున్నాను. ప్రతి మాటా నా చెవులతో విన్నాను.

"ఎప్పుడు ఎండిందండీ?" అన్నాడు నాన్న.

"గ్యాసు పెట్టిన్నాటి నుంచీ ఎండిపోయే ఉంది. చుక్క లేదు."

"మధ్యలో ఎప్పుడూ పెట్రోలు పోయలేదు గదా?"

"ఎక్కడిదయ్యా పెట్రోలు? చుక్క లేదు. నా మాట నమ్ము" అని నవ్వాడు రాఘవయ్య గారు. కోటయ్య తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు. అది సిగ్గనుకున్నాను నేను.

నిజం ఏమిటంటే, ఆ టాంకును ఆయన దొంగ పెట్రోలు దాచడానికి వాడుకుంటున్నాడు. బొగ్గు బస్సు కింద వేలాడే ఎండు టాంకులో పెట్రోలుంటుందని ఏ అధికారి అనుకుంటాడు? అది అడుగున చిల్లుపడి కారడం మొదలుపెట్టేసరికి, ఆ పొద్దున్నే తోడించి మా ఇంటికి పంపాడు. నిజం చెబితే నాన్న మూడు రోజులు సోడాతో కడిగేవాడు, అంతే. పోలీసులకు చెప్పే మనిషి కాదు. ఆ నమ్మకం కూడా రాఘవయ్య గారికి లేకపోయింది.

నాన్న ఆయన మాట నమ్మాడు. ఒక్కసారి వేణ్ణీళ్లు పోసి తొలిచి, టంకం పెట్టడానికి కూర్చున్నాడు. నేను బిందె తీసుకుని కాలువకు వెళ్లాను. నీళ్లలో బిందె ముంచుతుండగా వినపడింది ఆ చప్పుడు. పిడుగు అనుకుని అందరూ ఆకాశం వంక చూశారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. నేను బిందె అక్కడే వదిలేసి పరుగెత్తాను. వాకిట్లో పంచ రేకులు ఎగిరిపోయి ఉన్నాయి. అమ్మ తడిసిన గోనెపట్టాతో నాన్నను చుట్టి, నేల మీద పొర్లిస్తోంది. ఆయన నోట్లోంచి అరుపు రావడం లేదు. "నీళ్లు, నీళ్లు" అని కూడా అనడం లేదు. పళ్లు బిగపట్టి ఉన్నాడు. ఆస్పత్రిలో మూడు నెలలున్నాడు. మొహం మీద చర్మం కొత్తగా వచ్చింది. కుడిచేతి రెండు వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కళ్లు మాత్రం తిరిగి రాలేదు.

ఆస్పత్రికి రాఘవయ్య గారు ఒక్కసారి వచ్చాడు. నాన్న ఇంకా తెలివిలో లేడు. వరండాలో పోలీసు జవాను ఏదో కాగితం మీద రాసుకుంటుంటే, ఆయన కండువాతో కళ్లు ఒత్తుకుంటూ చెప్పాడు: "ఏం చేస్తాం బాబూ, ఎన్నిసార్లు చెప్పినా వినడు. టాంకు ముందు కూర్చుని బీడీ వెలిగించాడు." అమ్మ గుడ్డల మూటతో పక్కనే నిలబడి ఉంది. "మా ఆయన బీడీ ముట్టడండీ" అంది. ఆ జవాను తల కూడా ఎత్తలేదు. ఆ మాట ఆస్పత్రిలో ఆగలేదు. మోటారు షెడ్డులకు పాకింది, బస్సుల అడ్డాకు పాకింది, మా పేటకూ వచ్చింది. మా నాన్న బీడీ ముట్టడని తెలిసినవాళ్లు కూడా, అంత పెద్దమనిషి చెప్పాడంటే ఏదో ఉండే ఉంటుందిలే అన్నారు. టాంకు ముందు బీడీ తాగే మనిషికి ఎవరు పని ఇస్తారు? చిల్లుబిందె తెచ్చేవాళ్లు కూడా మానేశారు. మా ఇంటి ముందు నుంచి పోతూ పిల్లకాయలు "బీడీ బ్రహ్మయ్యా" అని అరిచి పారిపోయేవారు. నాన్న గోడకు ఆనుకుని కూర్చుని ఆ అరుపు వచ్చిన వైపు తల తిప్పేవాడు. కళ్లు పోయినందుకు నేను అంత ఏడవలేదు. ఆ తల తిప్పడం చూసినప్పుడల్లా రాయి తీసుకుని ఆ పిల్లకాయల వెంటపడేదాన్ని.

మరి ఇల్లు నడవాలి కదా. ఆస్పత్రి నుంచి వచ్చిన ఆరు నెలలకు నాన్న నన్ను కొలిమి ముందు కూర్చోబెట్టాడు. ఆడపిల్లకు ఈ పనేమిటని చుట్టాలు గొణిగారు. నాయనమ్మ అరుగు మీద నుంచి చుట్ట నోట్లోంచి తీసి, "మీరొచ్చి చేయండయ్యా అయితే" అంది. నాన్న చెవి, నా చెయ్యి. కడ్డీ సరిగ్గా కాలిందో లేదో నవాసారం మీద పెట్టినప్పుడు వచ్చే చప్పుడును బట్టి చెప్పేవాడు. "ఇంకా కాలలేదు... ఇంకా... ఆఁ, ఇప్పుడు తీయి." టంకం ఎక్కువైతే, చల్లారేటప్పుడు వేలితో తడిమి, "ఇది అతుకా, కురుపా?" అనేవాడు. ఏడాది తిరిగేసరికి నా అతుకు మీద వేలు పోనిచ్చి, ఏమీ అనకుండా పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. ఆయన మెచ్చుకోవడం అంటే అదే. దూరపు ఊళ్ల వాళ్లు, మా సంగతి తెలియని వాళ్లు పని తెచ్చేవారు. చేతులు చేసే పని చేతులు చేస్తుంటే నా మనసు మాత్రం రాఘవయ్య గారి దగ్గరే ఉండేది. ఆ పచ్చరాయి ఉంగరం ఉన్న చెయ్యి నిప్పులో పడినట్టు, ఆయన బస్సులు మూడూ వరసగా మండినట్టు ఊహించుకుంటూ టాంకు తోమేదాన్ని. ఎంత కోపం వస్తే అంత తుప్పు ఊడేది.

యుద్ధం అయిపోయింది. బస్సుల వెనక ఇనప పీపాలు ఒక్కొక్కటే తీసేశారు. పెట్రోలు ఇంకా కూపన్ల మీదే అయినా, కొంచెం కొంచెంగా రాసాగింది. ఒక ఎండాకాలం పొద్దున కోటయ్య మా వాకిట్లో ప్రత్యక్షమయ్యాడు. భుజాన టాంకు. రాఘవయ్య గారి రెండో బస్సుది. కొత్త టాంకులు ఎక్కడా దొరకడం లేదట. వచ్చే వారం బ్రేక్ ఇనస్పెక్టరు వచ్చి చూస్తాడట, బస్సు నడవకపోతే ఆ రూటు ఇంకొకరికి పోతుందట. ఊళ్లో టంకం పనివాళ్లు ఎవరూ రాఘవయ్య గారి టాంకు అంటే ముట్టుకోవడం లేదట. బీడీ కథను పైకి నమ్మినట్టు కనపడ్డ పనివాళ్లు కూడా తమ చేతులకొచ్చేసరికి నమ్మలేదన్న మాట.

నేను ఎగిరిపడ్డాను. "తీసుకుపో. కాలవలో పడెయ్యమను మీ అయ్యగారిని."

"దించు కోటయ్యా" అన్నాడు నాన్న నెమ్మదిగా. "చేస్తాం. కానీ మూడు మాటలు. టాంకు తీసుకెళ్లటానికి ఆయనే రావాలి. ఆఖరి అతుకు ఆయన ముందే వేస్తాం. షెడ్డులో నలుగురినీ వెంటబెట్టుకుని రమ్మను, మొయ్యటానికి మనుషులు కావాలి."

టాంకు మోయడానికి ఒక్క కోటయ్య చాలు. అది నాకు అప్పుడు తట్టలేదు. నాన్న మీద కూడా కోపం వచ్చి ఆ పూట అన్నం తినలేదు.

ఆ వారమంతా అమ్మా నేనూ ఆ టాంకును కడిగాం. సోడా నీళ్లు మూడు రోజులు కాదు, నాలుగు రోజులు. చింతపండు పులుసు. గులకరాళ్ల ఉయ్యాల. కానీ నేను ఒక పని చేశాను. టాంకు మధ్యలో, పెట్రోలు అటూ ఇటూ తొణకకుండా ఒక అడ్డరేకు ఉంటుంది. దాని వెనక మూలలో తుప్పు పెచ్చులు పేరుకుని ఉన్నాయి. వాటిని వదిలేశాను. బస్సు నాలుగు మైళ్లు కుదుపుల్లో పోయిందంటే అవి ఊడి గొట్టానికి అడ్డం పడతాయి. ఇనస్పెక్టరును ఎక్కించుకుని బస్సు నడిరోడ్డు మీద ఆగిపోతుంది. ఆ ఊహ ఎంత తియ్యగా ఉందంటే, ఆ రోజు ఉయ్యాల ఊపుతూ పాట కూడా పాడాను. అమ్మ ఆశ్చర్యపోయింది.

ఆరబెట్టిన టాంకును నాన్న ఒళ్లోకి తీసుకున్నాడు. పసిబిడ్డను జోకొట్టినట్టు ఇటు వంచి, అటు వంచి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అడ్డరేకు వెనకాల ఇంకా ఉంది" అన్నాడు.

నేను గులకరాళ్లు ఏరి బుట్టలో వేస్తున్నాను.

"తెలవక వదిలావా, తెలిసి వదిలావా?"

"తెలిసే" అన్నాను.

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "బస్సు ఆగిపోతే అందులో రాఘవయ్య ఉండడే. బాలింత ఉంటది, ముసలమ్మ ఉంటది. ఎండలో నిలబడేది వాళ్లు. వాడి మీద కోపం వాడి మీదే తీర్చుకో. రేకు మీద తీర్చుకోమాక" అన్నాడు. ఆ మాటలో నాకు బుద్ధి చెప్పడం మాత్రమే వినపడింది అప్పుడు. వాడి మీద తీర్చుకో అన్న మాట రెండు రోజులు ఆలోచించాక గాని వినపడలేదు. మూలలో పెచ్చులన్నీ వంకర చువ్వతో గీకి, మళ్లీ కడిగి, నేతగుడ్డ తెల్లగా వచ్చేదాకా వడకట్టాను.

రాఘవయ్య గారు పొద్దున పది గంటలకు వచ్చాడు. వీధిగుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. వెనక షెడ్డు పనివాళ్లు నలుగురు, కోటయ్య. పని కాగానే నింపుకుని పోవచ్చని కోటయ్య డబ్బాతో పెట్రోలు కూడా తెచ్చాడు. నేను డబ్బాను వీధి చివరకు పంపించేశాను గాని, తెచ్చే దారిలోనే తొణికి అతని చొక్కా అంతా తడిసి వాకిలి నిండా ఆ వాసన నిలిచిపోయింది. నాన్న చాప మీద కూర్చుని ఉన్నాడు. "రండి రాఘవయ్య గారూ" అన్నాడు మామూలుగా. అమ్మ గుమ్మంలో నిలబడింది.

ఆ అతుకు టాంకు పైఅంచున ఉంది. దాన్ని ఏటవాలుగా నిలబెట్టి ఎవరైనా గట్టిగా పట్టుకోవాలి. మామూలుగా అమ్మ పట్టుకునేది.

"ఈ అంచు రెండు చేతుల్తో పట్టుకోండి రాఘవయ్య గారూ" అన్నాను.

"నేనా? ఒరే కోటయ్యా, పట్టుకోరా."

"ఆయన చొక్కా నిండా పెట్రోలుంది. కొలిమి దగ్గరికి రాకూడదు."

షెడ్డు మనుషుల్లో పెద్దవాడు ఒకాయన, "మీ టాంకే గదండీ, మీరు పట్టుకుంటే పోయేదేముంది" అన్నాడు. నలుగురిలో కాదనలేక ఆయన వంగి పట్టుకున్నాడు. పచ్చరాయి ఉంగరం నా కళ్ల ముందుకు వచ్చింది. కొలిమిలో కడ్డీ మొన చుట్టూ మంట ఆకుపచ్చగా తిరిగింది. అదే అదును. తీసి నవాసారం మీద రుద్దాను. తెల్లని పొగ లేచింది. కడ్డీని అతుకు మీదకు తెచ్చాను.

"ఇందులో పెట్రోలేం లేదు గదా అమ్మాయ్?"

"చుక్క లేదండీ. ఎండిపోయే ఉంది. నా మాట నమ్మండి" అన్నాను.

ఆ మాటలు ఎవరివో ఆయనకు గుర్తుకొచ్చాయి. రేకు మీద ఉంగరం టకటకమని కొట్టుకోవడం మొదలైంది.

"వాసనొస్తంది."

"మీకు వస్తంది. మా నాన్నకి ముక్కు పనిచెయ్యదు. ఆయనకి రాలేదు."

"ఆగు, ఆగు. కడ్డీ వెనక్కి తియ్యి."

"ఎందుకండీ? ఇక్కడెవరూ బీడీ తాగట్లేదుగా. బీడీ లేకుండా టాంకు పేలదుగా. మీరే చెప్పారు."

కడ్డీ ఇంకొంచెం కిందికి దించాను. రేకుకు బియ్యపుగింజంత దూరం.

"పేలుద్ది!" అని అరిచాడు రాఘవయ్య గారు. "బీడీ లేకపోయినా పేలుద్ది! ఆ రోజు బీడీ లేదు, ఏం లేదు. టాంకులో పెట్రోలుంది. పొద్దున్నే తోడించా. ఆపవే తల్లీ, నీ కాళ్లు మొక్కుతా."

కొలిమిలో ఒక బొగ్గు చిటిలింది. వీధిగుమ్మం వైపు నుంచి కోటయ్య గొంతు వినపడింది. "నేనే తోడానండి. రెండు డబ్బాలు. పెళ్లాం బిడ్డలున్నారని నోరు మూసుకున్నా. బ్రహ్మయ్య గారి దగ్గర బీడీ నేనెప్పుడూ చూళ్లేదు."

"అంచు వదలకండి, అతుకు వంకర పోద్ది" అన్నాను నేను, కడ్డీ దించాను. టంకం కరిగి నీళ్లలా ఆ చీలికలోకి పాకింది. అంచు చివరిదాకా లాగాను. టాంకులో ఏమీ లేదు కనక ఏమీ జరగలేదు. "అయిందండీ, ఇక వదలొచ్చు" అన్నాను. ఆయన లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా, చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచి, కాలే వీధిలోకి ఉత్త కాళ్లతో నడిచి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం కోటయ్య వచ్చి చెప్పులు పట్టుకెళ్లాడు.

ఇనస్పెక్టరు వచ్చి చూసి బస్సును పాసు చేశాడు. టాంకు ఆ తర్వాత ఎన్నేళ్లయినా కారలేదు. కానీ షెడ్డు మనుషులు నలుగురూ ఊరుకోలేదు. వారం తిరగకముందే ఆ మూడు బస్సులకు బీడీ బస్సులని పేరు పడింది. బోర్డు మీద దేవుడి పేరుతో ఏం రాసి ఉన్నా సరే, అడ్డాలో కూలీలు "జంక్షన్‌కి బీడీ బస్సు ఎళ్లిపోయిందా?" అని అడిగేవారు. రాఘవయ్య గారు రంగులు మార్పించాడు, బోర్డులు మార్పించాడు. పేరు మారలేదు. చివరికి బస్సులు అమ్మేసుకుని పల్లెలో పొలం చూసుకోవడానికి వెళ్లిపోయాడు. కొన్నవాడు కూడా ఏడాది పాటు బీడీ బస్సు అనిపించుకున్నాడు పాపం. మా ఇంటి ముందు మళ్లీ టాంకులు బారులు తీరాయి. పిల్లకాయల అరుపులు ఆగిపోయాయి.

ఇప్పుడు మా మనవరాలు నాతో అంటుంది, "క్షమించేస్తే మనసు తేలికవుతుంది అమ్మమ్మా" అని. దానికి ఎవరో శిక్షణ తరగతుల్లో చెప్పారట. నా మనసు ఆ పొద్దున్నే తేలికయింది. అప్పటి నుంచీ తేలికగానే ఉంది. క్షమించాల్సిన అవసరం నాకు కలగలేదు. ఈ కాలం వాళ్లకు తుప్పును గీకే ఓపిక లేదు, కోపాన్ని మోసే ఓపికా లేదు. రెంటినీ పారేసి కొత్తవి తెచ్చుకోవచ్చనుకుంటారు. మేము వారం రోజులు కడిగేవాళ్లం. ఆ వారంలో ఏ టాంకు ఎవరిదో, దానికి ఎక్కడ చిల్లు పడిందో, ఎందుకు పడిందో అంతా తెలిసేది. ఇవాళ ఒకడు అబద్ధం చెబితే నలుగురు నవ్వుకుని మరుసటి రోజు మరిచిపోతున్నారు. అప్పుడు ఒక్క అబద్ధానికి ఒక మనిషి బతుకంతా గోడకు ఆనుకోవాల్సి వచ్చేది. నిజం వచ్చినా అంతే, అది కూడా మనిషి వెంట బతుకంతా నడిచేది. ఏది మేలో నాకు తెలియదు గాని, రాఘవయ్య గారు ఈ కాలంలో పుట్టి ఉంటే తప్పించుకునేవాడని మాత్రం తెలుసు.

రాఘవయ్య గారు వెళ్లిపోయిన ఆ మధ్యాహ్నం భోజనమయ్యాక నాన్న చేతులు తుడుచుకుని, నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు. "వాడి మొహం ఎట్టా ఉందే?"

అమ్మ, "చాల్లేండి, అయిందేదో అయింది" అని కసిరింది.

"నువ్వుండు. చెప్పు మాణిక్యం, ఆ మాట అనేటప్పుడు వాడి మొహం ఎట్టా ఉంది?"

చెప్పాను. బూడిదలా తెల్లబోయిందన్నాను. పెదవులు నీలంగా తిరిగాయన్నాను. ముక్కు కొస నుంచి చెమట బొట్లు బొట్లుగా కారిందన్నాను. ఆయన తల ఊపుతూ విన్నాడు. భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా నవ్వాడు. కాలిపోయాక నాన్న నవ్వడం చూసింది అదే మొదటిసారి. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు. నాకు పెళ్లయి, కూచిపూడి దగ్గర బళ్లో ఉద్యోగం వచ్చి, పిల్లల్ని తీసుకుని సెలవులకు వచ్చినప్పుడు కూడా, అందరూ పక్కకు వెళ్లగానే అడిగేవాడు. "ఏదీ, ఇంకోసారి చెప్పవే." చెప్పేదాన్ని. ఒక్కోసారి చెమట గడ్డం మీద నుంచి కారేది, ఒక్కోసారి కళ్లలో నీళ్లు కూడా వచ్చేవి. "పోయినసారి కళ్లనీళ్ల మాట చెప్పలేదే" అనేవాడు. "మరిచిపోయాను నాన్నా" అనేదాన్ని. ఆఖరి జబ్బులో, మాట సరిగా రానప్పుడు కూడా నా చెయ్యి పట్టుకుని తన మొహం చుట్టూ వేలితో గీత గీసి చూపించాడు. ఏమి అడుగుతున్నాడో నాకు అర్థమైంది. మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పనిది ఒకటుంది. టంకం పెట్టేటప్పుడు కడ్డీ మొన మీద నుంచి చూపు తిప్పకూడదు. తిప్పితే అతుకు పాడవుతుంది, ఒక్కోసారి చెయ్యి కూడా పోతుంది. నాకు పని నేర్పిన మొదటి రోజు నాన్న చెప్పిన మాట అది. ఆ పొద్దున నేను కడ్డీ మొననూ, అంచు మీద వణుకుతున్న ఆ పది వేళ్లనూ, ఉంగరాన్నీ చూశాను. గొంతు విన్నాను. తలెత్తేసరికి వీధిలోకి పోతున్న వీపు కనపడింది. రాఘవయ్య గారి మొహం నేను చూడలేదు. మా నాన్న అంతకాలం ఆశగా విన్న ఆ మొహమంతా నేను కల్పించిందే. దానికి నాకు పశ్చాత్తాపం లేదు. పశ్చాత్తాపమల్లా ఒక్కటే. అతుకు పాడైతే పాడైంది, ఆ ఒక్కసారి తలెత్తి చూసి ఉండాల్సింది.